తడి అరచేయి

ఆమె పేరు నేనెప్పుడూ అడగలేదు. వీధంతటికీ ఆమె అవ్వే.

మా ఆయనకు బదిలీ అయి, ఏప్రిల్‌లో బెంగళూరు నుంచి నకిరేకల్ వచ్చాం. కొత్త ఇల్లన్న సంబరంలో మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ బార్లా తెరిచాను. ఎదురింటి అవ్వ గబగబా వచ్చి, అడగకుండానే ఒక్కొక్కటే మూసేసింది.

"గాలొస్తదనుకున్నవా బిడ్డా? గాలి గాదది, పొయ్యి సెగ! నేను చెప్పేదాంక తెరువకు."

సాయంత్రం తన గడపలో నిలబడి, చెంబులో అరచేయి ముంచి గాలికి పట్టింది. తడి చటుక్కున ఆరిపోకపోతే ఎండ దిగినట్టు. కాసేపు చూసి కేకేసింది: "ఇగ తెరువుండ్రి!" వీధిలో కిటికీలన్నీ టపటపా తెరుచుకున్నాయి. బెంగళూరు వెళ్లిపోదామని పొద్దుటి నుంచీ ఏడుస్తున్న మా ఆరేళ్ల పాప ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. అప్పటి నుంచి రోజూ ఆ కేక కోసమే కాచుకునేది.

ఒకరోజు అవ్వ కట్టంగూర్‌లో కూతురింటికి వెళ్లింది. పొద్దు వాలినా వీధిలో ఒక్క కిటికీ తెరుచుకోలేదు. పాప ఉండబట్టలేక గ్లాసుతో నీళ్లు పట్టుకుని బయటికి పరుగెత్తింది. అరచేయి ముంచి, పైకెత్తి, అచ్చం అవ్వలాగే అరిచింది: "ఇగ తెరువుండ్రి!"

ఎవరో నవ్వారు. ఒక కిటికీ తెరుచుకుంది. వెంటనే ఇంకొకటి.

అప్పుడే ఆటో దిగిన అవ్వ సంచి కింద పెట్టి, పాప గ్లాసులో తన చేయి ముంచి గాలికి పట్టింది. పాప ఊపిరి బిగబట్టింది, నేనూ. అవ్వ నేరుగా వెళ్లి తన కిటికీ తెరిచింది.