నిండుకున్న తుపాకి

నాకు అక్షరాలు వచ్చింది తల నెరిసిన తర్వాత. వయోజనుల బడిలో పంతులమ్మ ఒకనాడు బోర్డు మీద 'నిండుకొను' అని రాసి, ఈ మాట వినగానే ఏం గుర్తుకొస్తుందని అందరినీ అడిగింది. ఒకామె బియ్యం అంది, ఒకామె కిరసనాయిలు అంది. నేను తుపాకి అన్నాను. పంతులమ్మ నాకు సరిగ్గా వినపడలేదనుకుని ఇంకోసారి గట్టిగా అడిగింది. నేనూ గట్టిగానే తుపాకి అన్నాను.

తాండూరు తొవ్వలో ఉన్న మా అత్తగారింట్లో 'లేదు', 'అయిపోయింది' అనే మాటలు నోట రాకూడదు. అంటే లక్ష్మి అలిగి పోతుందని అత్త నమ్మకం. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. బియ్యానికీ పప్పుకూ అందరి ఇళ్ళలోనూ అలాగే అంటారు. మా అత్త దగ్గర దేనికీ మినహాయింపు లేదు. మామ నశ్యం, దీపంలో నూనె, చివరికి మరిది చొక్కాకు గుండీలు కూడా నిండుకునేవి.

తుపాకి తెచ్చింది మామ. వికారాబాదు స్టేషనులో పనిచేసే రైల్వే దొర ఒకాయన సామాను అమ్ముకుని తన దేశం వెళ్ళిపోతున్నాడని తెలిసి, మంచం కొందామని పోయిన మామ తుపాకి కొనుక్కొచ్చాడు. అప్పటికి పోలీసు యాక్షన్ ఇంకా కాలేదు. సన్న గొట్టం తుపాకి అది. తూటా బలపం ముక్కంత ఉండేది. భుజానికి ఆనించుకునే కర్రలో ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి తూటాలు వరుసగా నింపితే, ఒకటి పేలగానే ఖాళీ డొల్లను పక్కకు ఉమ్మేసి, రెండోదాన్ని తనంతట తానే ఎక్కించుకుంటుంది. మామకు ఆ సంగతి ఎంత ఇష్టమంటే, చుట్టానికి కాళ్ళకు నీళ్ళిచ్చేలోపే "దానంతట అదే ఎక్కించుకుంటది" అని చెప్పేవాడు.

పల్లికాయ చేనులో పడ్డ అడవిపందిని దానితో కొట్టాడు. పంది తలెత్తి, ఎవరో పిలిచినట్టు ఇటు చూసి, మళ్ళీ పల్లికాయ తవ్వుకుంది. ఉన్న తూటాలన్నీ అలా పందిని పిలవడానికే ఖర్చయ్యాయి. మళ్ళీ కొందామంటే దొర వెళ్ళిపోయాడు. నిండుకున్నాయని చెప్పి మామ తుపాకిని మూలన పెట్టాడు.

దానితో వచ్చిన సామాను మాత్రం ఇంటికి బాగా పనికొచ్చింది. తూటాలు పోసి నింపే సన్నటి ఇత్తడి గొట్టం మాకు ఊదుగొట్టమైంది. తుపాకి లోపల తుడిచే చువ్వ మూడు ముక్కలుగా ఉండి మరలతో కలుస్తుంది. కొసన గుడ్డపీలిక దూర్చే సందు ఉంటుంది. లంగాకు నాడా ఎక్కించడానికి అంతకంటే మంచి పనిముట్టును నేను ఇంతవరకు చూడలేదు. వాడలోని ఆడవాళ్ళంతా అడిగి పట్టుకుపోయేవారు. తుపాకి నూనె బుడ్డి కిర్రుమనే తలుపుల పాలైంది. ఇక మిగిలింది దుర్భిణి. తుపాకి మీద రెండు కడియాలతో బిగించిన మూరెడు గొట్టం. దాన్ని అత్త తీసుకుంది. తీసుకుందంటే తుపాకితో సహా తీసుకుంది, ఎందుకంటే కడియాల మరలు తుప్పు పట్టి ఊడి రాలేదు. కమ్మరి చూసి, సుత్తె పడితే అద్దం పగులుతుందన్నాడు.

అత్తకు దుర్భిణి కావలసింది బిడ్డ కోసం. నా ఆడబిడ్డను వాగు అవతలి గడ్డ మీది ఇంటికే ఇచ్చారు. పెళ్ళి విందులో వియ్యంకుడి విస్తరిలో మాంసం కూర వడ్డిస్తే కండ లేకుండా అన్నీ బొక్కలే పడ్డాయి. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. అప్పటినుంచి పిల్లను తల్లిగారింటికి పంపలేదు, మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. రెండిళ్ళ మధ్య ఒక వాగు, ఒక కందిచేను తప్ప ఏమీ లేవు. అయినా అత్త బిడ్డ గొంతు విని ఏళ్ళయింది.

అందుకని రోజూ పొద్దున మిద్దె ఎక్కి, పిట్టగోడ మీద తుపాకి ఆనించి, ఒక కన్ను మూసుకుని బిడ్డను చూసుకునేది. దుర్భిణి లోపల వెంట్రుకల్లాంటి గీతలు రెండు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి ఉంటాయి. ఆ రెండూ కలిసేచోట బిడ్డ ముఖం పెట్టుకుని, "చిక్కింది పిల్ల. తలకు నూనె గూడ వెట్టుకుంటలేదు" అని నాకు చెప్పేది.

అవతలి గడ్డ మీది వియ్యంకుడికి ఇది వేరే రకంగా కనిపించింది. పళ్ళు తోముకోవడానికి బయటికొస్తే చాలు, ఎదురుగా మిద్దె మీద వియ్యపురాలు తుపాకి గురిపెట్టి ఉంటుంది. కొన్నాళ్ళు గోడచాటున తోముకున్నాడు. చివరికి తాండూరు పోయి ఠాణాలో చెప్పుకున్నాడు.

ఒక జమేదారు, అతని వెంట ఒక జవాను వచ్చారు. జమేదారు గుల్బర్గా వైపు మనిషి. కన్నడం, ఉర్దూ ధారాళంగా వచ్చు, తెలుగు కొత్తగా నేర్చుకుంటున్నాడు. ఇళ్ళలో తుపాకులు ఉంచుకునే రోజులు పోయాయని, తీసుకుపోతానని మర్యాదగానే చెప్పాడు.

"తుపాకి తీస్కపో సాబ్. గా గొట్టం ఒక్కటి ఇడ్సిపెట్టు. నా బిడ్డ అండ్లనే ఉన్నది" అంది అత్త.

గొట్టంలో బిడ్డ ఏమిటో జమేదారుకు అర్థం కాలేదు. నిచ్చెన ఎక్కి, పిట్టగోడ మీది తుపాకిని చూసి ఆగాడు. "తూటాలు?" అన్నాడు.

"నిండుకున్నయి సాబ్."

"నిండా?"

"ఎప్పుడో నిండుకున్నయి."

ఇంటికొచ్చిన మనిషికి చెప్పకుండా మామ ఉండలేకపోయాడు. "దానంతట అదే ఎక్కించుకుంటది సాబ్. చెయ్యి వెట్టే పనే లే."

జమేదారు తుపాకికి వినపడకూడదన్నట్టు ఒక్కో మెట్టే దిగాడు. దిగాక గుసగుసగా అందరినీ బయటికి నడవమన్నాడు. తుపాకి మూతి వాగు అవతలికి ఉందని గుర్తొచ్చి జవానును వియ్యంకుడి ఇంటికి పరుగెత్తించాడు. చుట్టుపక్కల తూటా దూరనిదంటే వాగు ఒడ్డున బండ్లకెత్తేందుకు పేర్చిన నాపబండల వరుస ఒక్కటే. తుపాకి దానంతట అదే పేలుతుందన్న భయంతో రెండిళ్ళ వాళ్ళనూ దాని వెనక కూర్చోబెట్టాడు.

అలా అత్త, ఆమె బిడ్డ పక్కపక్కన కూర్చున్నారు. బిడ్డను అంత దగ్గర నుంచి చూసే అలవాటు తప్పిపోయి అత్త ఒక కన్ను మూసుకుంది.

"ఏందవ్వా, కంట్ల ఏం వడ్డది?"

"ఏం వడలే. నువ్వే వడ్డవ్."

వియ్యంకుడు ఆ చివర నుంచి, "చూసిన్రా సాబ్, మమ్ముల సంపనీకె జూస్తున్నదని నేను చెప్పలే?" అన్నాడు.

"సంపాలనుకుంటె పెండ్లిల బొక్కలెందుకేస్తం అన్నా, ఇషమే ఏద్దుము గద" అంది అత్త.

మామ జమేదారుతో, "సాబ్, నిండుకున్నయంటె..." అని మొదలుపెట్టాడు. అత్త ఆయన తొడ గిచ్చింది. జమేదారు పొరబడ్డ సంగతి ఆమెకు ఎప్పుడో తెలిసిపోయిందని నాకు అప్పుడు తెలిసింది. జమేదారు మధ్యమధ్య బండల మీంచి తొంగి చూసి, "అమ్మా, సరిగ్గా చెప్పండి, నిండుకున్నదా?" అని అడిగేవాడు. అత్త నింపాదిగా, "నిండుకున్నది సాబ్" అనేది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అంటూనే బిడ్డ కొప్పు విప్పి పేలు చూడడం మొదలుపెట్టింది.

ఎండ నెత్తి మీదికొచ్చింది. జమేదారు ఇక ఆకలికి ఆగలేక, దగ్గర్లో అన్నం దొరుకుతుందా అని అడిగాడు. అందరం వియ్యంకుడి భార్య, మా వియ్యపురాలి వైపు చూశాం. ఆ ఇల్లే దగ్గర.

"గింతమందికి ఏడికెల్లి దెచ్చి వండాలె? మా ఇంట్ల బియ్యం నిండుకున్నయి" అంది ఆమె.

"నిండుకుంటే వండడానికేం అమ్మా?"

"నిండుకున్నయంటున్న గద సాబ్. ఒక్క గింజ లేదు."

జమేదారు ఆమెను చూశాడు. తర్వాత అత్తను చూశాడు. "హౌదా" అన్నాడు మెల్లగా, కన్నడంలో అలాగా అని. టోపీ సర్దుకుని, మిద్దె ఎక్కి, తుపాకిని చంకలో పెట్టుకుని దిగాడు. దుర్భిణి దాన్ని అంటుకునే పోయింది. ఊదుగొట్టం, చువ్వల సంగతి ఆయన అడగలేదు, మేమూ గుర్తు చేయలేదు. వియ్యంకుడు తన వాళ్ళను తీసుకుని గడ్డ ఎక్కిపోయాడు.

మర్నాడు పొద్దున అత్త అలవాటుగా మిద్దె ఎక్కింది. వట్టి కళ్ళకు అవతలి ఇల్లు అగ్గిపెట్టెంత, మనుషులు నువ్వుగింజలంత. కాసేపు నిలబడి దిగొచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. గంప తెమ్మంది.

"నిన్న వదినె అందరి ముందట బియ్యం నిండుకున్నయన్నది. చెవులార ఇన్నంక ఊకుంటె బాగుంటదా పిల్లా?"

ఆ మాట చెవిన పడితే ఆ ఇంటికి ఇన్ని గింజలు పంపాలి. అది కూడా అత్త పెట్టుకున్న పద్ధతే. పగవాళ్ళకు పంపనక్కర్లేదని అందులో లేదు.

గంప నెత్తిన పెట్టుకుని అత్త, వెనక నేను, వాగు దాటాం. వియ్యంకుడు ఇంటి ముందే పళ్ళు తోముకుంటున్నాడు. అత్త చేతుల వైపు చూశాడు, గంప వైపు చూశాడు. బియ్యం తెచ్చిన మనిషిని వెనక్కి పంపకూడదు కాబట్టి పక్కకు జరిగాడు.

లోపల ఆడబిడ్డ బియ్యం గోలెం మూత తీసింది. అంచుల దాకా బియ్యం ఉన్నాయి.

వియ్యపురాలు పొయ్యి వైపు తిరిగి, "ఏం జెయ్యాలె వదినె, గా జమేదారుకు ఎవరు వండుతరు?" అంది.

అత్త గంప ఎత్తి గోలెంలో కుమ్మరించింది. పట్టక బియ్యం నేల మీద పరుచుకున్నాయి. ఆడబిడ్డ చీపురు అందుకోబోయింది.

"చీపురొద్దు, మన్ను గలుస్తది" అని అత్త కింద కూర్చుని, బిడ్డను కూడా పక్కన కూర్చోబెట్టుకుంది. "ఒక్కొక్కటి ఏరుదాం."