గండం ఎవరిది

ఝాన్సీలక్ష్మి నీళ్లలో తల ముంచడం నేర్చుకున్నది ముప్ఫై తొమ్మిదో ఏట, కెనడాలో, టొరాంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లోని కమ్యూనిటీ సెంటర్ పూల్‌లో. పక్క లేన్‌లో చిన్నపిల్లలు కప్పల్లా దూకుతుంటే ఆమె గట్టు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి ముఖం ముంచేది. చెవుల్లో నీళ్లు నిండగానే ‘అక్కా’ అని వినబడేది. పైకి లేస్తే ఏమీ ఉండదు. విజిల్ మోత, క్లోరిన్ వాసన, పిల్లల కేకలు. మళ్లీ ముంచితే మళ్లీ ‘అక్కా’.

ఈత నేర్పే ఇరానీ పెద్దావిడ ఆమె ఎర్రబడిన కళ్లు చూసి, కొత్త గాగుల్స్ కొనుక్కోమని సలహా ఇచ్చింది. ఝాన్సీ కొనుక్కుంది. అవి పెట్టుకున్నా కళ్లు ఎర్రగానే ఉండేవి.

ఆ పిలిచేవాడు తమ్ముడు రేవంత్. ఆమెకు పన్నెండేళ్లున్నప్పుడు పుట్టాడు. ఒంటారియోలోని లండన్‌లో కాలేజీలో చదువుతూ, సాయంత్రాలు సైకిల్ మీద ఇంటింటికీ తిండి పొట్లాలు చేరవేస్తూ బతికాడు. నాలుగేళ్ల కిందట, జూలైలో, రూమ్‌మేట్లతో కలిసి పైన్‌రిడ్జ్ లేక్‌కి వెళ్లాడు. నడుములోతు నీళ్లలో నిలబడి సెల్ఫీ దిగుతూ రెండడుగులు వెనక్కి వేశాడు. అక్కడ కాలి కింద నేల లేదు. లేదని చెప్పే బోర్డూ లేదు. రూమ్‌మేట్లలో ఒక్కడికీ ఈత రాదు. మర్నాడు మధ్యాహ్నానికి దొరికాడు. ఒడ్డున అతని బూట్లు జతగా పెట్టి ఉన్నాయి, వాటిలో సాక్సులు మడిచి ఉన్నాయి. వాటిని గుర్తుపట్టి పోలీసుల కాగితం మీద సంతకం చేసింది ఝాన్సీయే.

ప్రతి వేసవిలో ఇలాంటి వార్త మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. నవ్వుతున్న ఫొటో, కింద చేతులు జోడించిన బొమ్మలు. ఇంగ్లీషు వచ్చా అని పరీక్ష పెట్టి మరీ పిల్లల్ని రప్పించుకునే ఈ దేశం, ఇన్ని సరస్సులున్న ఈ దేశం, ఈత వచ్చా అని ఒక్కసారి కూడా అడగదు. పంపే మనమూ అడగం. రేవంత్ విషయంలో మనవాళ్లు ఇంకో మాట కూడా అన్నారు. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ అన్నారు.

“జాతకంలో ఉన్నదే జరిగిందమ్మా. జలగండం తప్పుతుందా?”

నీళ్ల వల్ల ప్రాణాపాయం ఉందని సిద్ధాంతి చెప్పడమే జలగండం. రేవంత్‌కి అది ఉందని తణుకు దగ్గర వాళ్ల ఊళ్లో అందరికీ తెలుసు. ఊళ్లో మగపిల్లలంతా నడుముకి ఖాళీ నూనె డబ్బా కట్టుకుని కాలవలో ఈత నేర్చుకుంటే, వాడొక్కడు గట్టు మీద చొక్కాలకు కాపలా. ఓసారి ఎవరిదో డబ్బా అడిగి కట్టుకుని దిగాడు. వాణ్ణి తీసుకురమ్మని తల్లి జానకమ్మ ఝాన్సీని తరిమింది. ఝాన్సీ పరుగున వెళ్లి వాణ్ణి బయటికి లాగి, ముడి విప్పి, డబ్బా కాలవలోకి విసిరేసింది. ‘ఇంకొక్కసారక్కా’ అని దారంతా ఏడ్చాడు.

ఒక్కసారి కాదు, ఇంకో వారం దిగనిచ్చి ఉంటే వాడికి ఈత వచ్చి ఉండేది. జాతకం నిజమైందన్నవాళ్లకి ఈ లెక్క ఎందుకు తట్టదో తెలియదు.

రిలే ట్రయథ్లాన్ ఆలోచన ఝాన్సీ కూతురు ధాత్రిది. పదమూడేళ్ల పిల్ల, స్కూల్లో పరుగు పందేలకు వెళ్తుంది. ఒక సాయంత్రం లాప్‌టాప్ తెచ్చి అమ్మ ముందు పెట్టింది. ముగ్గురి జట్టు. ఒకరు ఈదాలి, ఒకరు సైకిల్ తొక్కాలి, ఒకరు పరుగెత్తాలి. కాలి మడమ పైన కట్టుకున్న, టైము లెక్కపెట్టే చిప్ పట్టీ ఒకరి నుంచి ఇంకొకరికి మారుతూ పోవాలి. మొదటివాళ్లు నీళ్లలో ఆగిపోతే మిగతా ఇద్దరికీ పందెమే లేదు. జరిగేది పైన్‌రిడ్జ్ లేక్‌లో.

“వి కెన్ డూ ఇట్ ఫర్ రేవంత్ మామ. నేను రన్, నాన్న బైక్. స్విమ్‌కి నా ఫ్రెండ్ రూపని అడుగుతా.”

ఝాన్సీ లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. “ఎవర్నీ అడగకు. ఈత నాది,” అంది.

భర్త జయదేవ్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాట తక్కువ. గరాజ్‌లోకి వెళ్లి రేవంత్ సైకిల్ కిందికి దించాడు. దాన్ని పారేయలేక, ఎవరికీ ఇవ్వలేక నాలుగేళ్లుగా గోడకి వేలాడదీశారు. చైనుకి నూనె పెడుతూ దానితోనే వస్తానన్నాడు.

కొడుకు పోయాక వాళ్ల దగ్గరికి వచ్చి ఉంటున్న జానకమ్మ మాత్రం ఊరుకోలేదు. ఓ శనివారం ఝాన్సీ స్విమ్‌సూట్ ఇల్లంతా వెతికితే బియ్యం డబ్బాలో దొరికింది.

“దీన్ని ఇందులో పెట్టిందెవరు?”

“పురుగు పట్టకుండా ఉంటుందనీ...”

“దానికి వేపాకు వేస్తారమ్మా, స్విమ్‌సూట్ కాదు.”

“నవ్వులాటగా ఉందా నీకు? గండం ఉన్న ఇల్లే ఇది.”

“గండం ఉన్నవాడు పోయాడుగా. ఇంకెవరికుంది?”

జానకమ్మ డబ్బాలో చెయ్యి పెట్టి, వంటకి ఎన్ని కావాలో మర్చిపోయినదానిలా బియ్యం పైకి తీస్తూ, మళ్లీ వదిలేస్తూ కూర్చుంది.

పందెం రోజు పొద్దున సరస్సు మీద పొగమంచు ఇంకా విడలేదు. పైన్ చెట్ల మధ్య నల్లటి రబ్బరు సూట్లలో మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నారు. ముఖాలు సరిగా కనబడటం లేదు. వాళ్లలో పొడుగ్గా ఉన్న ప్రతివాణ్ణీ ఝాన్సీ రెండోసారి తిరిగి చూస్తోంది. జయదేవ్ ఆమె వీపు మీద జిప్ పైకి లాగలేక అవస్థ పడ్డాడు.

“ఊపిరి బిగపట్టు. ఇంకా. బిర్యానీ తగ్గించమంటే విన్నావా?”

“ముందు మీ పొట్ట సైకిల్ మీద పట్టేలా ఉందో లేదో చూసుకోండి.”

ధాత్రి వంగి అమ్మ కాలికి చిప్ పట్టీ కట్టింది. “అమ్మా, యూ డోంట్ హావ్ టు. నిజంగా.”

“నీ పని నువ్వు చూసుకో. వార్మప్ చెయ్యి.”

మైకులో ఆమె గుంపును పిలిచారు. ఇసుకలోకి నడుస్తుండగా వెనక నుంచి ఒక చల్లని చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. నేత చీర మీద మందపాటి కోటు, కాళ్లకు మనవరాలి పాత బూట్లు. జానకమ్మ.

“వద్దే ఝాన్సీ. ఈ ఒక్కసారికి నా మాట విను.”

“అమ్మా, పిలిచేశారు. వదులు.”

“గండం వాడిది కాదే.”

ఝాన్సీ ఆగింది.

“నీది,” అంది జానకమ్మ. గొంతు బాగా తగ్గించింది, ఈ దేశంలో ఆ గట్టున తెలుగు తెలిసినవాళ్లు ఎవరో వింటారన్నట్టు. “నువ్వు పెద్దమనిషివైన యేడు నీ జాతకం చూపించాం. నీళ్లగండం అన్నాడు సిద్ధాంతి. ఆడపిల్లకి గండం ఉందని నలుగురికీ తెలిస్తే ఎవడు చేసుకుంటాడే నిన్ను? అప్పుడు తమ్ముడు ఒళ్లో ఉన్నాడు. మగపిల్లాడు, వాడికేమన్నా చెల్లుతుందిలే అని... వాడిదని చెప్పా.”

“చెప్తే చెప్పావు. వాణ్ణి కాలవకెందుకు పోనివ్వలేదు?”

“ఊరంతా చెప్పుకున్నాక పోనిస్తే అబద్ధమని తెలిసిపోదా? తర్వాత్తర్వాత... చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది. రాత్రిళ్లు లేచి వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో చూసుకునేదాన్ని. వాడికి లేని గండానికి.”

కూతురికి సంబంధం తప్పుతుందన్న భయంతో ఒక తల్లి చెప్పిన చిన్న అబద్ధం. ఆమెను తిట్టడం సులువు. ఆ భయం ఆమె కడుపున పుట్టింది కాదు. పిల్లని చూడ్డానికి వచ్చి ముందు నక్షత్రం అడిగే ప్రతి ఇల్లూ, ఆ నక్షత్రాన్ని బట్టి తల ఆడించే ప్రతి పెద్దమనిషీ తలా కొంచెం పెంచిన భయం అది. ఇవాళ టొరాంటోలో కూర్చుని యాప్‌లో జాతకాలు కలిపి చూసుకునే మనమూ అందులో ఉన్నాం.

హారన్ మోగింది. గుంపు నీళ్లలోకి దూసుకెళ్లింది. ఒడ్డున ఝాన్సీ ఒక్కతే మిగిలింది. కంచె అవతల సైకిల్ పట్టుకుని జయదేవ్, అతని పక్కన ధాత్రి, ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు. ఏం జరుగుతోందో వాళ్లకి తెలియదు. ఆమె తల్లి వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించుకుని నీళ్లలోకి నడిచింది.

చీలమండ, మోకాలు, నడుము. నడుము దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత నేల పోయింది.

నీళ్లు ముదురాకుపచ్చగా ఉన్నాయి. చెయ్యి చాస్తే తన వేళ్లే తనకు కనబడలేదు. దారి గుర్తుగా తేలుతున్న రెండో నారింజరంగు బుడగ దాటాక నాచు కాళ్లకి మెత్తగా చుట్టుకుంది. ‘అక్కా’. పూల్‌లో వినబడినట్టు చెవి దగ్గర కాదు, కింద నుంచి. ఝాన్సీ ఈదడం ఆపేసింది. కాళ్లు ఆడిస్తూ నిలువుగా ఉండిపోయింది. ముందు వెళ్లినవాళ్ల టోపీలు దూరంగా చుక్కలయ్యాయి. కాపలా పడవలోని అమ్మాయి దగ్గరికి వచ్చి, బయటికి తీసుకెళ్లనా అని అడిగింది. ఝాన్సీ తల అడ్డంగా ఊపి, పడవ ముక్కు ఒక చేత్తో పట్టుకుని, కళ్లు తెరిచి ముఖం ముంచింది. చూసింది. ఊపిరి కోసం లేచి మళ్లీ ముంచింది. మళ్లీ ముంచింది. పడవలో అమ్మాయి వాకీటాకీలో ఎవరితోనో కంగారుగా మాట్లాడుతోంది. కింద చీకటి, చీకటి కింద ఇంకా చీకటి. తన ఊపిరి బుడగలు తప్ప ఏదీ కదలలేదు. అప్పుడు పడవ వదిలేసి మెల్లగా, అందరికన్నా వెనక, ఒడ్డు వైపు ఈదింది.

జయదేవ్ మోకాళ్ల మీద కూర్చుని పట్టీ విప్పాడు. తడి పట్టీ అతని వేళ్లలోంచి రెండుసార్లు జారింది. తన కాలికి కట్టుకుని సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. “గో నాన్నా!” అని ధాత్రి అరిచి, తన వంతు గుర్తొచ్చి గబగబా బూట్ల లేసులు బిగించుకుంటూ పక్కకి పరుగెత్తింది.

జానకమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. “అందరూ ఎప్పుడో వచ్చేశారు. అంతసేపు ఏం చేశావే లోపల?”

“వెతికాను.”

జానకమ్మ తువ్వాలు ఆమె భుజాల చుట్టూ కప్పింది. “నా మీద కోపంగా ఉందా?” అంది.

“ఉంది. చాలా ఉంది.” ఝాన్సీ పళ్లు చలికి టకటకమంటున్నాయి. “అది తర్వాత చూద్దాం. ముందు గండం వాడిది కాదని చెప్పు. వాడి రాత వల్ల పోయాడని ఎవరెవరు అన్నారో వాళ్లందరికీ చెప్పు. నాదని చెప్పు. నేనే ఈదాను, బతికే ఉన్నానని చెప్పు.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

జానకమ్మ తడి చేతులు కోటుకి తుడుచుకుని ఫోన్ తీసింది. “ముందెవరికి చెప్పను?” అనుకుంటూ పేర్లు పైకి జరుపుతూ పోయింది. చెల్లెలి పేరు దాటింది, వదినగారి పేరు దాటింది. ‘రేవంత్ కెనడా’ అన్న చోట బొటనవేలు ఆగిపోయింది. ఆమె ఆ వేలు ఇంక కదపలేదు.