జైలుకు పంపిన మల్లెపూలు

నా చిన్నప్పుడు మార్కాపురం సబ్‌జైలు గోడెక్కి, లోపలున్న ఒకామెకు మల్లెపూలు విసిరి ప్రాణం నిలబెట్టానని మనవళ్లకు చాలాసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆ గోడ ఒక మూర పెరిగేది. నిజానికి నేను ఏ గోడా ఎక్కలేదు. ఎవరి ప్రాణమూ నిలబెట్టలేదు.

అప్పుడింకా తెల్లదొరల పాలనే. ఖైదీలకు అన్నం వండి పంపే పని మా మేనత్తది. గంప ఆమె మోస్తే నీళ్లచెంబు నేను మోసేవాణ్ని. ఆ ఎండాకాలం రాచర్ల వైపు నుంచి మేకలు కాసుకునే ఒకామెను పట్టుకొచ్చారు. సర్కారు అడవిలో మేకలు మేపిందని కేసు. మూడు నెలల బిడ్డను ఇంట్లో వదిలి మేకల వెంట పోయిన మనిషి, అటు నుంచి అటే జైలుకు వచ్చింది. ఆడవాళ్ల గదిలో ఆమె ఒక్కతే. రెండో రోజుకే కేకలు, గోడకు తల కొట్టుకోవడం.

"పిచ్చిదమ్మా, దగ్గరికి పోబాకు" అన్నాడు కాపలా జవాను.

అత్త వినలేదు. ఊచల దగ్గర కూర్చుని, "ఏడ నొస్తాంది తల్లీ?" అని అడిగింది. ఆమె తడిసిన రవిక చూపించింది. పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్లలా ఉన్నాయి, ఒళ్లు కాలిపోతోంది. బిడ్డను తెప్పించమంటే, పైనుంచి కాగితం రావాలన్నారు. బిడ్డ దగ్గరలేని బాలింత రొమ్ములకు మల్లెపూలు కడితే పాలు తగ్గుతాయని మా వైపు ఆడవాళ్లకు తెలుసు. ఖైదీకి పూలేందంటారని, అత్త వాటిని గంపలో విస్తరాకుల కింద దాచి తీసుకుపోయింది. ఊచల సందున అందిస్తే ఆమే కట్టుకుంది. రెండు రోజులకు కేకలు తగ్గాయి. గంజి తాగి, "నా బిడ్డ ఏం తాగుతాందో అక్కా" అంది.

నేను ఊరుకుంటేగా. జైల్లో పిచ్చిది పూలు కట్టుకుని ఎగురుతోందనీ, నా చెయ్యి కొరికిందనీ బడిలో కోతలు కోశాను. జవాను కొడుకు నా పక్కనే కూర్చునేవాడు.

మర్నాడు గంప వెదికి, పూలు బయట పారేశారు. "నీ అల్లుడే చెప్పినాడంట, కొరికిందని. ఇంక లోపలికి రాబాకు" అన్నాడు జవాను.

అత్త నా వైపు తిరిగింది. "కొరికిందారా?"

బడిలో పరువు పోతుందని అవునన్నాను. ఊచల వెనక నుంచి ఆమె నన్నే చూస్తోంది.

పూలు ఆగాక కేకలు మళ్లీ మొదలయ్యాయి. నాలుగు రోజులకు డాక్టరు వచ్చి, దూరం నుంచే కేకలు విని, పిచ్చి అని రాసి పోయాడు. చేతులు కట్టి ఆమెను బండెక్కించారు. రవిక మీద చీము మరక నేను చూశాను. తర్వాత ఆమె ఏమైందో, బిడ్డ ఏమైందో మాకు తెలియలేదు.

అత్త నన్ను కొట్టలేదు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

కొరకలేదు అత్తా.