బండి చప్పుడు వినే మనిషి

మా ఎదురింటి మావయ్యగారు పోయారు. ఆ రోజు పొద్దున్న కాలేజీలో పాఠాలు చెప్పడానికి బయల్దేరుతూ గేటు తీస్తుంటే అత్తయ్యగారు వాళ్ళ వరండాలోంచి పిలిచారు. "ఒకసారి రామ్మా. టీ సల్లారిపోతన్నాది, మీ మావయ్యగారు పలకట్లేదు." వెళ్ళి చూస్తే ఆయన కుర్చీలో వీధివైపు తిరిగి, తల కొంచెం పక్కకి వాల్చి ఉన్నారు. దూరం నుంచి ఎవరిదైనా బండి వస్తుంటే చెవి ఒగ్గి వినడానికి కూడా అచ్చం అలాగే కూర్చునేవారు. అందుకే, అయిపోయిందని నమ్మడానికి నాకు చాలాసేపు పట్టింది.

విజయనగరం గంటస్తంభం దగ్గర వాళ్ళది స్టీలు సామాన్ల కొట్టు. తాతలనాటి వ్యాపారం. కొట్లో కూర్చుని గిన్నెలూ బిందెలూ అమ్మేవారు గాని, ఆయన మనసంతా కార్ల మీదే. ఇంటి వెనక షెడ్డులో తండ్రి కొన్న తెల్ల అంబాసిడర్ ఉండేది. ఆదివారమొస్తే చొక్కా విప్పి దాని కిందకి దూరిపోయేవారు. అన్నం వేళకి అత్తయ్యగారు వచ్చి, బయటికి కనపడే ఆ కాళ్ళతో మాట్లాడి వెళ్ళేవారు.

చుట్టాలూ స్నేహితులూ ఎక్కడ బండి ఆగినా ఆయనకే ఫోన్ చేసేవారు. "బానెట్ ఎత్తి, ఫోను దగ్గరగా పెట్టు" అనేవారు. కళ్ళు మూసుకుని వినేవారు. "ఫ్యాన్ బెల్టు వదులైనాది. బిగిస్తే సరిపోద్ది. మెకానిక్కు మార్సీమంటాడు, మార్సీకు." చాలాసార్లు నిజమయ్యేది. అన్నిసార్లూ కాదు. ఒకాయన బండి వెనక చక్రంలో బేరింగు పోయిందని ఫోన్లోనే తేల్చేశారు. తీరా చూస్తే డిక్కీలో జాకీ దొర్లుతోందట. ఆ కథ ఆయనే అందరికీ చెప్పి నవ్వేవారు.

ఆయనకి గట్టి అభిప్రాయాలుండేవి. "బండన్నాక బానెట్ ఎత్తితే నేల కనపడాలమ్మా. జారిపోయిన నట్టు కింద పడాల. లోపలెక్కడో ఇరుక్కుంటే ఎవుడు తీస్తాడు?" అనేవారు. కొత్త కార్లు చప్పుడు చెయ్యకపోవడం ఆయనకి అస్సలు నచ్చేది కాదు. "బండి మూలగాల. మూలిగే బండి ఇంటికి సేరుస్తాది. రోగం దాసుకున్న బండి దారిలో వదిలేస్తాది." రిపేరు గురించి ఆయన మాట ఒకటే: "కొత్తది తెచ్చి ఎవుడైనా బిగిస్తాడు. పాతదాన్ని మళ్ళీ నిలబెట్టు, అదీ రిపేరు."

నాకు కారు నేర్పింది ఆయనే. మావారికి రాయగడ బదిలీ అయ్యాక, మా అమ్మని కళ్ళ ఆసుపత్రికి బస్సుల్లో తిప్పుతుంటే చూసి, "బస్సుల ఎనకాల పరిగెట్టడమేటమ్మా, నేన్నేర్పుతాను రా" అన్నారు. ఈ వయసులో ఏం నేర్చుకుంటాను మావయ్యగారూ అంటే, "సెవులున్నాయి కదా, సాలు" అన్నారు. కోట చుట్టూ ఆ అంబాసిడర్‌లో తిప్పేవారు. గేరు స్టీరింగు పక్కనే ఉండే బండి అది. "కాలు సంగతి ఒగ్గీ. ఇను. అదే అడుగుతాది, గేరు మార్సమని." ఒకసారి ఎవరింటి ప్రహరీకో గుద్దేశాను. ఆయన దిగి, బంపరు వైపైనా చూడకుండా, గోడని తడిమి చూసి వచ్చారు. "గోడకేటీ కాలేదు. పోనీ."

భోగాపురం దగ్గర హైవే మీద ఆయన మేనల్లుడి కారు ఆగి ఉన్న టిప్పర్ని గుద్దుకున్నప్పుడు, మావయ్యగారిని నా కారులో నేనే తీసుకెళ్ళాను. కారు ముందు భాగం అప్పడంలా నలిగిపోయింది. మేనల్లుడు మాత్రం రోడ్డు పక్కన కూర్చుని కొబ్బరిబొండాం తాగుతున్నాడు. మావయ్యగారు ఆ కారు చుట్టూ మెల్లగా తిరిగారు. నలిగినచోటా నలగనిచోటా చెయ్యి పెట్టి చూశారు. "ఇది సచ్చి ఆడ్ని బతికించినాది" అన్నారు చివరికి. "ఇన్నాళ్ళూ దీన్ని రేకుడబ్బా అన్నాను. తప్పు నాదే."

ఆ మాట అని ఊరుకోలేదు. శ్రీకాకుళంలో పొందూరు ఖద్దరు అమ్ముకునే మావయ్యగారి తమ్ముడు అప్పటికి పాత కారుతోనే అవస్థ పడుతున్నాడు. అన్నగారు ఒప్పుకోరని కొత్తది కొనడానికి జంకేవాడు. ఆ వారమే మావయ్యగారు ఫోన్ చేసి, "కొత్తదే కొనుక్కోరా సిన్నోడా" అన్నారు. తమ్ముడు కొన్నాడు. ముందుగా అన్నగారికి చూపించడానికే తెచ్చాడు. అద్దాలూ తలుపులూ అన్నీ బొత్తాం నొక్కితే పనిచేసేవే. మావయ్యగారు ముందు సీట్లో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళివారింటికి వచ్చిన మనిషిలా మర్యాదగా చూసి దిగిపోయారు.

తర్వాత తుఫానొచ్చింది. మధ్యాహ్నం నా బండి స్టార్టవక, గొడుగు వేసుకుని ఎదురింటికి వెళ్ళాను. ఆయన వరండాలో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నారు. ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. ఎప్పట్లాగే ఎవరిదో బండి ఆగిపోయిందనుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను.

"తలకాయ ఆనించుకునేది ఉంటాది కదా సీటుకి, అది పైకి పీకు... పీకేవా... ఆ ఇనప సువ్వతో అద్దం మూలకి కొట్టు... మద్దిలో కాదురా, మూలకి... మూలకి కొట్టు."

గొంతు ఏమాత్రం హెచ్చలేదు. సొట్ట తియ్యడమో మరేదో చెబుతున్నారనుకున్నాను. తర్వాత ఆయన మాట్లాడటం మానేశారు. ఫోను చెవికి అలాగే ఉంది. కళ్ళు మూసుకున్నారు. తల కొంచెం పక్కకి వాలింది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చాలాసేపటికి నేనే దగ్గరికి వెళ్ళి, "ఎవరు మావయ్యగారూ?" అన్నాను. ఆయన ఫోను నా చేతిలో పెట్టారు. అవతల ఏమీ వినపడలేదు.

తమ్ముడు కోటబొమ్మాళిలో పని చూసుకుని తిరిగి వస్తూ, రోడ్డు మీదుగా పొంగుతున్న గెడ్డ దాటబోయాడు. వాగు నీళ్ళు కారుని పక్కకి తోసేశాయి. తలుపులు తెరుచుకోలేదు, అద్దాలు దిగలేదు, పగల్లేదు. ఊళ్ళో వాళ్ళు తాళ్ళతో వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ నీళ్ళలోంచి అతను ఇంకెవరికీ ఫోన్ చెయ్యలేదు. బండికి ఏమైనా అన్నగారికి చెప్పడం చిన్నప్పటి అలవాటు.

ఆ తర్వాత మావయ్యగారు ఫోన్లో బండి చప్పుడు వినలేదు. ఎవరైనా అడిగితే, "బండి పట్టుకురండి. ఫోన్లో నేను ఇనను" అనేవారు. కారణం తెలియనివాళ్ళు ముసలాయనకి చెముడొచ్చిందనుకున్నారు. కొట్టు మూసేసి, కొత్త కార్లు బాగుచేసే షెడ్డుకి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టారు. అక్కడి మెకానిక్‌ల దగ్గర ఏ తీగ ఎటు పోతుందో, తడిస్తే ముందు ఏది పోతుందో అడిగి తెలుసుకునేవారు. కొలిమిలో మొన తేలిన చిన్న సుత్తులు చేయించి, తెలిసినవాళ్ళందరి కార్లలో డ్రైవరు సీటు పక్కన తాడుతో కట్టేవారు. పెళ్ళిళ్ళకి వెళ్తే భోజనం మాని, బయట ఆగిన బండ్లవాళ్ళని పట్టుకుని, "అద్దం ఎక్కడ కొడితే పగులుద్దో తెలుసా బాబూ?" అని అడిగేవారు. ముసలాయనకి చాదస్తం పట్టుకుందని నవ్వుకునేవాళ్ళు. ఆయన ఎవరికీ ఏదీ వివరించలేదు.

ఒక్కసారి మాత్రం నాతో అన్నారు. శ్రీకాకుళంలో తమ్ముడి సంవత్సరీకం అయ్యాక, ఆయన్ని నా కారులో వెనక్కి తెస్తున్నాను. నాగావళి వంతెన మీద బళ్ళు ఆగిపోయాయి. కింద నీళ్ళు ఎర్రగా పోతున్నాయి.

"ఆడు నన్నడిగేడమ్మా. అన్నియ్యా, ఏ బొత్తాం నొక్కాల, అని."

నేను హ్యాండ్‌బ్రేకు లాగాను.

"నాకు తెల్దు. మన అంబాసిడరైతే కళ్ళు మూసుకుని సెప్పుదును. ఆ బండి బానెట్ నేనొక్కసారీ ఎత్తనేదు. తెలీందాన్ని తిట్టకూడదు. తెలీందాన్ని కొనుక్కోమనీ అనకూడదు."

ముందు బండి కదిలింది, నేనూ కదిలాను. ఆయన అద్దంలోంచి నీళ్ళ వైపే చూస్తూ, "పోనీ అమ్మా, రెండో గేరడుగుతన్నాది" అన్నారు.

ఇప్పుడు వానలో కారు తీస్తే నాకు ఆయన మాట వినపడుతుంది. మద్దిలో కాదురా, మూలకి. వైపరు అద్దాన్ని తుడిచిన ప్రతిసారీ నా కళ్ళు ఆ మూలకే పోతాయి. రేడియో పెట్టుకుందామని చెయ్యి వెళ్ళి వెనక్కి వచ్చేస్తుంది. నాకు దారి ఇచ్చిన మనిషి, భయాన్నీ ఇచ్చి వెళ్ళారు. రెంటికీ నేను ఋణపడే ఉన్నాను.

పెద్దకర్మకి వంటల కోసం షెడ్డు ఖాళీ చేసి, అంబాసిడర్ని పెరట్లోకి తోశారు. చుట్టాలు వెళ్ళిపోయాక, సాయంత్రం ఒక్కసారిగా వాన అందుకుంది. మా మేడ మీంచి చూస్తే ఆ కారు నాలుగు అద్దాలూ దిగి ఉన్నాయి. పరిగెత్తుకెళ్ళి అద్దం ఎత్తే హ్యాండిల్ తిప్పబోతుంటే, అత్తయ్యగారు గుమ్మంలోంచి అన్నారు.

"వద్దమ్మా. ఉండనీ. సిన్నోడు పోయిన కాణ్ణించి ఆ అద్దాలు ఆయన ఎత్తనేదు. పడుకోబోయే ముందు షెడ్డులోకెళ్ళి సూసొచ్చీవోరు, దిగున్నాయా లేదా అని."

"సీట్లన్నీ తడిసిపోతాయి అత్తయ్యగారూ."

"తడవనీ."

నేను చెయ్యి తీసేశాను. ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం. వాన ఏటవాలుగా ఒక కిటికీలోంచి దూరి, సీట్ల మీంచి రెండో కిటికీలోకి పోతోంది. లోపలికి వచ్చిన నీళ్ళు వచ్చినట్టే తలుపుల కింది సందుల్లోంచి సన్నగా, ఆగకుండా బయటికి కారిపోతున్నాయి.