వల్లి వదిలేసే దెబ్బ

ఈ బరువు మోయడం ఎంతగా అలవాటైపోయిందంటే, దించితే నడక తడబడుతుందేమోనని భయం. అయినా దించుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. నాకున్న ధైర్యం అంతే.

మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తే చాలు, మిద్దె మీద చెక్కల చప్పుడు మొదలవుతుంది. నిజానికి మా మిద్దె మీద ఎవరూ ఉండరు. కాంక్రీటు, నీళ్ల ట్యాంకు, ఆరేసిన లుంగీలు, అంతే. అయినా వినబడుతుంది. వరుసగా కూర్చున్న ఆడవాళ్లు, ఒక్కసారిగా పడే చేతిచెక్కలు, తడి సున్నం వాసన, బెల్లం నీళ్ల వాసన. మెలకువో కలో తేలకుండానే నేను ఆ చప్పుడులో ఒక దెబ్బ కోసం చెవి ఒగ్గి పడుకుంటాను. ఆ దెబ్బ పడదు. అప్పుడు లేచి కూర్చుంటాను.

తమిళ సీమలో, గుడియాత్తం బజారులో మా నాయనది సున్నం కొట్టు. ఇళ్లు కట్టేవాళ్లకు సున్నం, బెల్లం, కరక్కాయలు అమ్మేవాళ్లం. సిమెంటు ఇంకా ఇంటింటికీ రాని కాలం. మిద్దె మీద సున్నమూ ఇటుక ముక్కలూ పరిచి, కరక్కాయ బెల్లం నీళ్లు చల్లుతూ, రాయిలా గట్టిపడేదాకా రోజుల తరబడి చెక్కలతో కొట్టేవాళ్లు. ఆ పని చేసేది పొన్నై వైపునుంచి వచ్చిన తెలుగు ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద దేశమ్మ. చేతులన్నీ కలిసి పడాలంటే పాట ఉండాలి. దేశమ్మ ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు.

ఆ పాటకొక పద్ధతి ఉండేది. వాళ్ల వాళ్లు కట్టిన ప్రతి కట్టడానికీ ఒక చరణం. కట్టేటప్పుడు ఎవరైనా పడి చనిపోతే ఆ చరణంలో వాళ్ల పేరు. పేరు వచ్చినచోట చెక్క ఇంకాస్త గట్టిగా పడేది. ఫోటోలు లేని మనుషులు వాళ్లు. కట్టిన ఇళ్ల మీద యజమానుల పేర్లే ఉంటాయి. చచ్చిపోయినవాళ్లు ఆ పాటలో మాత్రమే ఉన్నారు.

నాకు అప్పుడు చరిత్ర పిచ్చి పట్టింది. సైకిలేసుకుని ఊళ్లు తిరిగేవాణ్ణి. పొలం గట్ల మీద వాలిపోయిన వీరగల్లులు, అరిగిపోయిన శాసనాలు, ఏది దొరికితే అది చూసి మురిసిపోయేవాణ్ణి. సింగపూరునుంచి మామ తెచ్చిన టేప్ రికార్డర్ ఒకటి ఇంట్లో ఉండేది. దాన్ని మోసుకుని, దేశమ్మ వాళ్లు పని చేస్తున్న మిద్దె ఎక్కాను. మొదటినుంచి చివరిదాకా పాట టేపులో పట్టాను. తన గొంతు తనే విని దేశమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సున్నం చేత్తోనే క్యాసెట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంక ఇది యాడికీ పోదు గదప్పా?" అంది.

పోదన్నాను.

కొన్నాళ్లకు మా ఊళ్లో పార్టీ సభ పెట్టారు. ఊరిలో ఏ గోడ చూసినా ఎన్నికల గుర్తులే. నేనూ పార్టీ రంగుల అంచు పంచె కట్టి తిరిగేవాణ్ణి. పెద్ద వక్త వస్తున్నాడు, ప్రసంగం పట్టి పెట్టమని స్నేహితులు అడిగారు. నా దగ్గర ఒక్క క్యాసెట్టే ఉండేది. ఒక వైపు దేశమ్మ పాట, రెండో వైపు సినిమా పాటలు.

నేను దేశమ్మ వైపు పెట్టాను.

ఎందుకు? సినిమా పాటల వైపు పెట్టొచ్చు కదా? ఈ ప్రశ్న నేను ఎన్ని వందల మధ్యాహ్నాలు వేసుకున్నానో. ముసలమ్మ ఎక్కడికి పోతుంది, మళ్లీ పాడించుకోవచ్చనుకున్నాను, అది సగం నిజం. మిగతా సగం చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాది. స్నేహితుల ముందు మా అమ్మ తెలుగులో పిలిస్తే వినబడనట్టు నటించేవాణ్ణి. వాళ్లు క్యాసెట్టు పెట్టినప్పుడు, పొరపాటున తిప్పి పెడితే, అందులోంచి ఆ తెలుగు కూలివాళ్ల పాట వస్తే నా పరువేం కావాలి? అందుకని చెరిపేశాను. తెలిసే, మీట నొక్కాను.

ఆ వానాకాలంలోనే దేశమ్మ జ్వరమొచ్చి చనిపోయింది. నేను క్యాసెట్టు పెట్టి విన్నాను. ప్రసంగం, చప్పట్లు, జేజేలు. ప్రసంగం అయిపోయాక టేపు ఇంకా కొంచెం మిగిలి ఉంది. గరగరమన్న తర్వాత చెక్కల చప్పుడు, దేశమ్మ గొంతు. చివరి చరణం మాత్రం చెరగలేదు. అది ఆమె మొగుడు మునెప్పది. బియ్యం మిల్లు పొగగొట్టం కడుతూ పడిపోయినవాడు.

అప్పుడే వాళ్లింటికి వెళ్లి ఉండాలి. వెళ్లలేదు.

ఏళ్లు గడిచాయి. సిమెంటు వచ్చింది, చెక్కలు పొయ్యిలోకి పోయాయి. నేను పెద్దమనిషినయ్యాను. ఈ చుట్టుపక్కల ఏ ఊరి చరిత్ర కావాలన్నా నన్నే అడుగుతారు. పొన్నై పక్కన దేశమ్మ వాళ్ల ఊరి కుర్రవాళ్లు వచ్చి, ఊరి పండగలో పాత మిద్దెపాట ఆడవాళ్లచేత పాడించాలి, మీ దగ్గర టేపు ఉందట కదా అన్నారు. టేపు పాతదైపోయింది, పెడితే తెగుతుంది, నేనే రాసిస్తానన్నాను. రాసిచ్చాను. గుర్తున్నవి నాలుగు ముక్కలు, మిగతాదంతా నా కల్పన. చచ్చిపోయినవాళ్లు ఉండాల్సిన చోట రాజులను పెట్టాను, కోటలు పెట్టాను. వాళ్లు తెలుగు మాట్లాడతారే గాని చదవలేరు కనుక తమిళ లిపిలో రాసిచ్చాను. నా పాండిత్యాన్ని నేనే మెచ్చుకున్నాను కూడా.

పాట నేర్పేటప్పుడు వల్లి వచ్చింది. దేశమ్మ కూతురు. వాళ్ల నాయన పోయినప్పుడు మిద్దె ఎక్కే వయసు కూడా కాదు. ఇప్పుడు తొరపాడిలో కొడుకు దగ్గర ఉంటుంది. పాటంతా విని, అందరూ లేచి వెళ్లేదాకా ఆగి, నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, పాట కడాకు మా నాయన పేరు వచ్చేదన్నా. మాయమ్మ ఆడ గెట్టిగా కొట్టేది."

"లేదమ్మా. టేపులో అట్లాంటిదేమీ లేదు."

"లేదా? నేను విన్నట్టే ఉండాది."

"చిన్నపిల్లవి కదా, వేరే ఏదో విని ఉంటావు."

"ఆమాన్నా, నిజమే, నాకే మతి లేదేమో. టేపుకంటే నాకు ఎక్కువ తెలుసునా?" అని నవ్వింది. క్షమించమన్నట్టు నవ్వింది, నన్ను!

క్యాసెట్టు అప్పుడు మా ఇంట్లో, బీరువాలో ఉంది. చేయి చాపితే చాలు. కానీ ఆ చివరి చరణం వినిపిస్తే, ముందున్నదంతా ఏమైందని అడుగుతారు. నా పేరు నిలబెట్టుకోవడానికి ఆమె నాయన పేరు తీసేశాను. పాట పోగొట్టడం కుర్రతనమని సర్దుకోగలను. ఒక మనిషి తన అమ్మను తాను విన్న జ్ఞాపకాన్ని తనే నమ్మకుండా చేశానే, దాన్ని ఏమనాలి?

ఏటా ఊరి పండగలో ఆ పాట పాడుతున్నారు. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పుతారు. ఎవరెవరో వచ్చి పాతకాలపు పాటని రాసుకుపోతారు. వల్లి కూడా చెక్క పట్టుకుని వరుస చివర కూర్చుంటుంది. చివరి చరణం అయ్యేచోట అందరి చెక్కలూ పడతాయి, ఆమెది పడదు. ఒక్క దెబ్బ వదిలేస్తుంది. పైకెత్తి పట్టుకుని ఆగి, మళ్లీ కలుస్తుంది. ముసలిదైంది, ఆయాసం అనుకుంటారు పక్కవాళ్లు. తను మాత్రం నా వైపు చూడదు. అలా చూడకపోవడం చూడలేక నేను కళ్లు మూసుకుంటాను.

ఇదంతా తెలుగులో రాశానని ఇప్పుడే గమనించాను. వల్లికి తెలుగు చదవడం రాదు. ఒప్పుకునేటప్పుడు కూడా దాక్కునే చోటు చూసుకునే రాశానన్నమాట. ఇంత పిరికివాణ్ణి. రేపు తొరపాడి బస్సెక్కుతానని మీకు మాట ఇవ్వలేను. ఇలాంటి రేపులు చాలా చూశాను.

కానీ ఆ చరణం మాత్రం ఇక్కడ పెడతాను. ఇంతవరకు నా చేత్తో రాయనిది.

గుడియాత్తం గొట్టాన గువ్వలకు గూడాయె
ఎక్కిన మునెప్ప దిగిరాక పాయె

రాశాను. పేరు దగ్గర బల్ల మీద అరచేత్తో గట్టిగా ఒకటి కొట్టాను. చెయ్యి మండింది. గుండె కొంచెం తేలికపడింది, అబద్ధమెందుకు. వల్లి చెక్క ఇంకా ఎత్తినట్టే ఉంది.