సొరబుర్ర కోసం లేచింది

ఈ రోజు మా పదహారు నెలల చిన్నిని గీదంలో ఫిజియోథెరపీకి తీసుకెళ్లాను. అది ఇంకా దేన్నైనా పట్టుకుని కూడా నిలబడటం లేదు. బచేలి నుంచి బస్సులో దారంతా దాని పాదాలనే చూస్తూ కూర్చున్నాను.

అక్కడి మేడమ్ పొట్టి బల్ల మీద గిలక్కాయ పెట్టి, "ఆడుకోవాలంటే తనే లేవాలి, మీరు అందించకండి" అని చెప్పి పక్క పాప దగ్గరికి వెళ్లారు. చిన్ని నా వైపు చెయ్యి చాచి ఏడ్చింది. అంతే, గిలక్కాయ తీసి ఇచ్చేశాను.

ఉసూర్ ఊరి నుంచి మనవడిని తీసుకొచ్చిన ఒక అవ్వ అది చూసింది.

"ఏందమ్మా, నువ్వే చేతికిస్తే పిల్ల ఎందుకు లేస్తది?"

తను నీళ్లు తెచ్చుకున్న సొరబుర్రను బల్ల మీద పెట్టి గోళ్లతో టకటకా కొట్టింది. చిన్ని ఏడుపు ఆపింది. బల్ల అంచు పట్టుకుని, మోకాళ్లు వణుకుతుండగా, లేచింది! నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. అవ్వ నా మణికట్టు గట్టిగా పట్టేసింది.

"జర ఆగు. కింద పరుపుంది గద, పడితే పడనీ."

చిన్ని కూలబడింది. మళ్లీ చెయ్యి చాచింది, ఈసారి నా వైపు కాదు, బల్ల అంచు వైపు.

రేపటి నుంచి ఇంట్లోనూ ఇదే ఆట ఆడించాలని మేడమ్ చెప్పారు. ఉపాయం తెలిసిన అమ్మలు చెప్పండి. ఇంట్లో నా చెయ్యి పట్టి ఆపేదెవరు?