తోపును అందంగా తీసిన కెమెరా

మా వీధి చివరి కాఫీ అంగడిలో చక్కెర వద్దంటే తక్కువ వేస్తారు. తక్కువ వేయమంటే మామూలుగా వేస్తారు. మామూలుగా అడిగేవాళ్ళకి ఏమిస్తారో కనుక్కునే ధైర్యం నాకింకా రాలేదు. కొత్త కెమెరాను పెట్టెలోంచి తీసింది ఆ అంగడి బల్ల మీదే.

అరచేతిలో ఇమిడిపోయింది. మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం ఉండదట. పాత కెమెరాలో కన్ను పెడితే ఎదుట ఉన్నదే అద్దంలోంచి కనిపించేది. ఇందులో కంటి దగ్గర ఒక చిన్న తెర ఉంటుంది. అంటే మనం చూసేది వస్తువును కాదు, దాని గురించి కెమెరాకున్న అభిప్రాయాన్ని. బటన్ నొక్కినా చప్పుడు లేదు. తీసిందో లేదో దానికే తెలియాలి.

సరదాకి కొన్నది కాదు. కినత్తుకడవు దగ్గర మా టెంకాయ తోపుకి వేరు వాడిపోయే తెగులు వచ్చింది. పడమటి సగంలో ఆకులు పసుపెక్కి, పక్కటెముకల్లా లోపలికి వంగిపోయాయి. ఆ చెట్లు కొట్టేస్తే తూర్పు సగమైనా దక్కుతుందని మా నాయన ఆశ. తోపు ఆయనకీ, మదురైలో ఉండే పెదనాయనకీ ఉమ్మడి. అన్న సరేననకుండా నాయన గొడ్డలి పెట్టించడు. మోకాలి ఆపరేషన్ అయిన పెదనాయన బస్సెక్కలేడు. ఫోన్‌లో తీసి పంపితే, "ఫోనుది సుమ్మా, ఊరికే అంతా పసుపుగా చూపిస్తా ఉండాది, మంచి కెమెరాలో తీసి తీసుకురాండి" అన్నాడు.

అలా ఇంటికి కెమెరా వచ్చింది.

నాయన నన్ను మిట్టమధ్యాహ్నం రమ్మన్నాడు. కెమెరా నేర్పే వీడియోలన్నీ సాయంకాలపు వెలుగే మేలన్నాయి. చదువుకున్నవాణ్ణి కనక వీడియోల మాట విన్నాను.

తోపులో ఆయన ముందు, నేను వెనక. ఒక్కో మానునూ అరచేత్తో తట్టి, వార్డులో పెద్ద డాక్టరులా ఆగకుండా నడిచాడు.

"ఇది పోయింది. ఇదీ పోయింది. దీని మొవ్వు చూడు, బాగా తీయి."

"తీసినా."

"ఎప్పుడు తీస్తివి? సద్దే రాలేదే?"

"దీనికి సద్దుండదు నాయనా."

"నీ మాదిరే. నీకు సరిపోయింది."

ఆ చెట్లకి నాయన చిన్నప్పుడు కడవలతో నీళ్ళు మోశాడు. బాధపడుతున్నారా అని ఎవరైనా అడిగితే ఇద్దరం ఆశ్చర్యపోయేవాళ్ళం. చీకటి పడేలోపు పడమటి సగం పూర్తిచేసి, చెరొక బండి మీద ఇంటికి వచ్చేశాం.

ఆదివారం మదురై బస్సెక్కాను. పెదనాయన కళ్ళకి కెమెరా తెర ఆనదని వాళ్ళ టీవీకి తగిలించాను. ఆ ఫొటోలను అంత పెద్దగా చూడడం నాకూ అదే మొదలు.

పసుపెక్కిన ఆకులు బంగారంలా ఉన్నాయి. వంగిన మట్టల సందుల్లోంచి వెలుగు జారుతోంది. చెట్టులో లేని పచ్చదనాన్ని కెమెరా తన తరఫున కొంత కలిపింది. క్యాలెండర్లు వేసేవాళ్ళు చూస్తే వదలరు.

పెదనాయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఎంత లచ్చణంగా ఉండాదిరా!"

"అది సాయంకాలం ఎండ పెదనాయనా. నిజంగా అట్ల లేదు. సగం చెట్లు చస్తా ఉండాయి."

"అప్పడియా, అట్లనా? ఇంత పెద్ద కెమెరా అబద్ధం చెప్తాదా?"

"చిన్న కెమెరానే," అన్నాను.

"మరి నువ్వేం తీసినావు? చచ్చే చెట్టు ఒకటి చూపించు."

చూపించాను. అది అన్నిటికన్నా బాగా వచ్చింది. ఇప్పుడు కొట్టకపోతే తూర్పు పక్కా పోతుందని చెప్పాను. ఎందుకో నా గొంతు బస్సు వేళలు చదివేవాడి గొంతులా ఉంది. ఆయన తల ఊపాడు, టీవీకి.

చివరి ఫొటోలో నాయన ఉన్నాడు, ఒక మాను మీద చెయ్యి వేసి. మనిషి ముఖం కనబడితే ఈ కెమెరా తానే వెతికి పట్టుకుంటుంది. చెట్లకి చేసిన మర్యాద ఆయనకి చెయ్యలేదు. బుగ్గల గుంటలు, కంటి కింది నలుపు, గడ్డం మీద తెల్ల మొలకలు, ఏదీ వదలలేదు.

పెదనాయన తమ్ముణ్ణి చాలాసేపు చూశాడు.

"చెట్లు బాగుండాయి కన్నా," అన్నాడు. "రోగం మీ నాయనకి. ముందు వాణ్ణి ఆస్పత్రిలో చూపించు."